మొదటి కబురు మీదే కావాలి

విశాఖ నుంచి అనకాపల్లి వైపు జాతీయ రహదారి మీద వెళ్తుంటే గాజువాక దాటాక కూర్మన్నపాలెం కూడలి వస్తుంది. ఉక్కు కర్మాగారానికి దారి అక్కడి నుంచే. 2021 ఫిబ్రవరి 12న ఆ కూడలిలో ఒక శిబిరం వెలిసింది. కర్మాగారాన్ని ప్రైవేటుపరం చేయవద్దంటూ కార్మికులు వంతులవారీగా రిలే నిరాహార దీక్షకు కూర్చున్నారు. వంద రోజులయ్యాయి, ఏడాది గడిచింది, వెయ్యి రోజులూ దాటాయి. శిబిరం కదల్లేదు.

ప్రైవేటీకరణ మంచిదా చెడ్డదా అన్న చర్చ ఈ అధ్యాయంలో చేయబోవడం లేదు. మీ దృష్టిని ఒక చిన్న వ్యవధి మీదకు తీసుకెళ్ళాలని నా ప్రయత్నం. ఆ కర్మాగారాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్‌లో ప్రభుత్వ వాటా మొత్తాన్ని, యాజమాన్య అధికారంతో సహా, వదులుకోవడానికి కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల కమిటీ 2021 జనవరి 27న సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ సంగతి ఊరికి తెలిసింది ఫిబ్రవరి మొదటి వారంలో. నిర్ణయానికీ కబురుకీ మధ్య దాదాపు వారం రోజులు.

రాత్రంతా కొలిమి ముందు నిలబడి, తెల్లవారి ఇంటికొచ్చి, అన్నం కంచం ముందు కూర్చున్న మనిషిని ఊహించుకోండి. టీవీ తెర అడుగున పరుగెత్తే అక్షరాల్లో తన భవిష్యత్తు కనిపిస్తే అతనికి ఎలా ఉంటుంది? ఆ క్షణంలో అతన్ని కోసేది మార్పు ఒక్కటే కాదు. ‘ఇన్నేళ్ళు పనిచేశాను, నాకు చెప్పాలని ఎవరికీ అనిపించలేదా?’ అన్న బాధ అంతకంటే లోతుగా దిగుతుంది. ఆ బాధ తగిలాక ఎంత గొప్ప వివరణ ఇచ్చినా చెవికెక్కదు.

మీరు పదిమంది ఉన్న దుకాణం నడపవచ్చు, పదివేల మంది ఉన్న కర్మాగారం నడపవచ్చు. మార్పు కాలంలో నాయకుడి బాధ్యతలు రెండు. మొదటి కబురు తన నోటి నుంచే వెళ్ళేలా చూడటం. ప్రశ్నలు అయిపోయేదాకా అక్కడే నిలబడటం. మిగతా నేర్పులన్నీ ఈ రెండింటి తర్వాతే.

గోడకు అంటించిన కాగితం

ఈ పాఠం నాకు నా తప్పే నేర్పింది. ఇరవై ఆరేళ్ళ వయసులో ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్‌గా ఉండేవాణ్ణి. లోడింగ్ జట్ల వేళలు మార్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. టైపు చేయించి, నోటీసు బోర్డుకు అంటించి, నా పని అయిపోయిందనుకున్నాను. మూడు రోజులు ఎవరూ నోరు మెదపలేదు. ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున లారీలు బారులు తీరి ఉన్నాయి. జట్లలో సగం మంది రాలేదు.

సాయంత్రం మేస్త్రి ఇంటికి వెళ్ళాను. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, నెమ్మదిగా చెప్పాడు. “బాబూ, కాయితంలో టైములున్నాయి గానీ మా కూలి ఏటవుతాదో లేదు. ఓవర్‌టైం పోద్దని ఎవులో సెప్పారు. మిమ్మల్ని అడుగుదామంటే మీరు ఆఫీసులోంచి బయటకి రాలేదు.”

నిజానికి ఎవరి కూలీ తగ్గదు. ఆ ఒక్క ముక్క రాయాలని నాకు తట్టలేదు. నేను వదిలేసిన ఖాళీని ఒక పుకారు నింపేసింది. పుకారు ఎప్పుడూ చెడునే మోసుకొస్తుంది. ఇంట్లో పిల్లల ఫీజులూ అప్పుల వాయిదాలూ ఉన్న మనిషి, సంగతి పూర్తిగా తెలియనప్పుడు, కీడెంచి మేలెంచడమే వివేకం అనుకుంటాడు. అది అతని తప్పు కాదు. ఖాళీ వదిలినవాడిదే ఆ తప్పు.

ముందు ఆ నేల జ్ఞాపకం తెలుసుకోండి

మార్పు గురించి మాట్లాడబోయే నాయకుడు సాధారణంగా రాబోయే రోజులతో మొదలుపెడతాడు. వినేవాళ్ళు మాత్రం గడిచిన రోజుల్లోంచి వింటారు. విశాఖ ఉక్కునే చూడండి. అది 1966 ఉద్యమం కడుపున పుట్టిన కర్మాగారం. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం రాష్ట్రమంతా మోగింది. అమృతరావు ఆమరణ దీక్షకు కూర్చున్నారు. తెన్నేటి విశ్వనాథం వంటి పెద్దలు ముందు నిలిచారు. కాల్పుల్లో 32 మంది ప్రాణాలు పోయాయని ఈ ప్రాంతం ఇప్పటికీ తలుచుకుంటుంది. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారం ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. జాతికి అంకితమయ్యేసరికి 1992 ఆగస్టు 1 వచ్చింది.

ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. ఈ కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాలు, ఇరవై వేల ఎకరాలకు మించిన నేల ఖాళీ అయ్యాయి. నిర్వాసితుల చేతిలో పునరావాస గుర్తింపుగా ఆర్-కార్డు పెట్టారు. ఆ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న కుటుంబాలు గాజువాక చుట్టుపక్కల నేటికీ ఉన్నాయి. అలాంటి ఇంట్లో పుట్టినవాడి ముందు నిలబడి ‘మమ్మల్ని నమ్మండి, అంతా మంచే జరుగుతుంది’ అంటే, ఆ మాట ఆర్-కార్డు పక్కన పెట్టి తూచుకుంటాడు.

అందుకని మీ సంస్థలో మార్పు ప్రకటించే ముందు ఒక కాగితం తీసుకుని మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. వీళ్ళు ఈ సంస్థకు ఏమిచ్చారు? పోయినసారి వచ్చిన మార్పు వీళ్ళకు ఏం మిగిల్చింది? మనం ఏ మాట ఇచ్చి నిలబెట్టుకోలేదు? మూడో జవాబు రాయడం కష్టంగా ఉంటుంది. మీ ప్రసంగం అక్కడే మొదలవ్వాలి. పాత బాకీ ఒప్పుకున్నవాడికే కొత్త అప్పు పుడుతుంది.

మూడు గొంతులు

నాయకత్వ ధోరణులు ఆరు రకాలని డేనియల్ గోల్‌మన్ 2000లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో వర్గీకరించాడు. మంచి నాయకుడు ఒకే ధోరణికి అతుక్కోడని, సందర్భాన్ని బట్టి మార్చుకుంటాడని ఆయన చెప్పిన సారం. మన షాపుఫ్లోర్‌కీ రేవుకీ సరిపోయేలా నేను వాటిని మూడు గొంతులుగా కుదించుకున్నాను.

మొదటిది ఆజ్ఞ గొంతు. దీన్ని నేర్చుకోవడానికి విశాఖ రేవు కంటే మంచి బడి లేదు. ఒకవైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, మరోవైపు గుడీ దర్గా చర్చీ ఉన్న మూడు గుట్టలు. నడుమ ఇరుకైన కాలువ. ఇన్నర్ హార్బర్‌లోకి రావాలంటే ఎంత పెద్ద ఓడైనా ఆ దారినే రావాలి. అందుకే రేవు పైలట్ చిన్న పడవలో ఎదురెళ్ళి, తాడు నిచ్చెన మీదుగా ఓడ ఎక్కుతాడు. కెప్టెన్ పక్కన నిలబడి ‘స్టార్‌బోర్డ్ 10’ అంటాడు. చుక్కాని పట్టినవాడు ‘స్టార్‌బోర్డ్ 10’ అని తిరిగి పలికి, అప్పుడు తిప్పుతాడు. తిప్పాక మళ్ళీ చెబుతాడు. అక్కడ చర్చ ఉండదు, వివరణ ఉండదు. పొట్టి మాట, స్పష్టమైన మాట, తిరిగి వినిపించే మాట. అగ్నిప్రమాదం, గ్యాస్ లీకు, తుపాను వంటి వేళల్లో ఈ గొంతే మనుషుల్ని కాపాడుతుంది.

రెండోది లెక్కల గొంతు. ప్రమాదం తక్షణం కాదు, కానీ సంస్థ నెమ్మదిగా మునుగుతోంది. అప్పుడు అరిస్తే లాభం లేదు, ఖాతా పుస్తకం విప్పాలి. 1990ల్లో విశాఖ ఉక్కు అప్పుల భారంతో కుంగిపోయింది. ఖాయిలా పరిశ్రమల వ్యవహారం చూసిన బిఐఎఫ్ఆర్ దాకా వెళ్ళిన ఆ సంస్థ 2002-03లో సుమారు 520 కోట్ల రూపాయల నికర లాభం చూపింది. తర్వాతి కొన్నేళ్ళలో పోగుపడిన నష్టాలన్నీ తుడిచిపెట్టుకుంది. ఉక్కు ధరలు పెరగడం కలిసొచ్చిన మాట నిజం. కానీ ధర పెరిగినా సరుకు ఉంటేనే గదా అమ్మేది! స్థాపిత సామర్థ్యాన్ని మించి ఉత్పత్తి చేసినవాళ్ళు కార్మికులే. టన్ను ఉక్కుకు ఎంత కోక్ కాలింది, ఎంత కరెంటు ఖర్చయింది అన్నది బోర్డు గదిలో తేలదు. కోక్ ఓవెన్ దగ్గర, బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర, మెల్ట్ షాపులో తేలుతుంది. లెక్క తెలియని చెయ్యి ఖర్చు తగ్గించలేదు. ‘సంస్థ కష్టాల్లో ఉంది, పొదుపు చేయండి’ అంటే వినేవాడికి ఏ దారీ కనిపించదు. ‘మన సెక్షన్‌లో నెలకు ఇంత డీజిల్ వృథా అవుతోంది, దాని ఖరీదు ఇంత’ అంటే చెయ్యి తనంతట తాను కదులుతుంది.

మూడోది వినే గొంతు. విశాఖ ఉక్కులో క్వాలిటీ సర్కిళ్ళకు మంచి పేరుంది. ఒకే సెక్షన్‌లో పనిచేసే కొద్దిమంది కూర్చుని, తమ రోజువారీ చిక్కు ఒకటి ఎంచుకుని, తామే కారణం వెతికి, తామే పరిష్కారం ప్రతిపాదించే పద్ధతి అది. జపాన్ కర్మాగారాల్లో బలపడి ప్రపంచమంతా పాకింది. యంత్రం ఎక్కడ మొరాయిస్తుందో దాని పక్కన ఎనిమిది గంటలు నిలబడేవాడికే ముందు తెలుస్తుంది. అక్కడ నాయకుడి పని అడగడం, ఆగడం, రాసుకోవడం. ముఖ్యంగా వారం తర్వాత వచ్చి ‘మీరు చెప్పిన దాంట్లో ఇది చేశాం, ఇది చేయలేకపోయాం, కారణం ఇదీ’ అని జవాబు చెప్పడం.

ఎక్కువ గొడవలు ఈ మూడింటినీ తారుమారు చేయడం వల్లే వస్తాయి. తీరిగ్గా చర్చించాల్సిన బదిలీల గురించి ఆజ్ఞ గొంతులో మాట్లాడతాం. నిర్ణయం సంతకమై వచ్చాక వినే గొంతు పెట్టి ‘మీ అభిప్రాయం చెప్పండి’ అంటాం. రెండోది మరీ అవమానం. నిర్ణయం అయిపోయి ఉంటే ఆ మాటే చెప్పండి. ‘మార్చడం ఖాయం. ఎలా మార్చాలన్నది మీ చేతిలో ఉంది’ అనండి. ఎంతవరకు తలుపు తెరిచి ఉందో నిజాయితీగా చూపిస్తే, ఆ మేరకు మనుషులు మనసుపెట్టి లోపలికొస్తారు.

తిరిగి పలికించుకోండి

పైలట్ పద్ధతిలో ఒక అలవాటు ప్రతి ఆఫీసుకూ తెచ్చుకోదగింది. చెప్పినంత మాత్రాన చేరినట్టు కాదు. చుక్కాని దగ్గరి మనిషి తిరిగి పలికేదాకా ఆజ్ఞ చేరినట్టు పైలట్ అనుకోడు. మనం మాత్రం అరగంట మాట్లాడి ‘అర్థమైందా?’ అని అడుగుతాం. అందరూ తల ఊపుతారు. పదిమందిలో అర్థం కాలేదని చెప్పడం ఎవరికైనా చిన్నతనమే.

ఇకనుంచి ఇలా అడగండి: ‘ఇంటికెళ్ళాక మీ ఆవిడ, లేకపోతే మీ ఆయన, ఏం చెప్పారని అడిగితే ఏం చెబుతారు?’ వచ్చిన జవాబుల్లో మీరు అన్న మాట ఎంతుందో, వాళ్ళ భయం ఎంత కలిసిందో తెలిసిపోతుంది. తేడా వస్తే విన్నవాళ్ళను తప్పుపట్టకండి. మీ మాటను సరిచేసుకుని మళ్ళీ చెప్పండి.

షిఫ్ట్ ఇన్‌చార్జిని వదిలేయకండి

పెద్ద సభలో ఎండీ గారు ఎంత బాగా మాట్లాడినా, సభ అయ్యాక కార్మికుడు అడిగేది తన షిఫ్ట్ ఇన్‌చార్జినే: ‘ఏటండీ, నిజమేనా?’ ఆ మనిషి ‘నాకూ మీతోపాటే తెలిసింది’ అని భుజాలెగరేస్తే సభంతా వృథా. అందుకే క్రమం ముఖ్యం. ముందు ఫోర్‌మన్‌లూ మేస్త్రీలూ సెక్షన్ పెద్దలూ యూనియన్ నాయకులూ. వాళ్ళ ప్రశ్నలు పూర్తిగా తీర్చాక, అదే రోజున అందరికీ. మధ్యలో ఒక రాత్రి గడవనివ్వకండి. రాత్రి గడిస్తే కబురు ఫోన్లలో పాకుతుంది.

ఏ, బీ, సీ షిఫ్ట్‌లు మూడూ ఉన్న చోట మూడు సార్లూ మీరే చెప్పండి. సీ షిఫ్ట్ వాళ్ళకు మెసేజ్ పెడితే చాలనుకోవద్దు. అర్ధరాత్రి మీ మొహం చూసినవాళ్ళు ఆ సంగతి ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు. కాంట్రాక్ట్ కార్మికులనూ, సెక్యూరిటీ వాళ్ళనూ, క్యాంటీన్ వాళ్ళనూ ఆ పిలుపులోంచి మినహాయించకండి. మార్పు దెబ్బ తరచుగా ముందు తగిలేది వాళ్ళకే.

కొలిమి చల్లారనివ్వకండి

బ్లాస్ట్ ఫర్నేస్ పగలూ రాత్రీ నడవాల్సిందే. పండగకీ సెలవుండదు. లోపలి ద్రవ ఇనుము వేడి 1500 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. సన్నాహం లేకుండా ఆగిపోతే లోపలి సరుకు గడ్డకట్టుకుపోతుంది. మళ్ళీ వెలిగించడం కొత్తది కట్టినంత యాతన. మార్పు కాలంలో సంస్థలోని మాట కూడా అలా నడుస్తూనే ఉండాలి. మొదటి రోజు బ్రహ్మాండమైన సభ పెట్టి, ఆపైన రెండు నెలలు కనిపించకుండా పోయే నాయకుడు తన కొలిమిని తానే చల్లార్చుకుంటాడు. జాన్ కాటర్ 1996లో వెలువరించిన ‘లీడింగ్ చేంజ్’లో మార్పు ప్రయత్నాలు విఫలమయ్యే కారణాలు చెబుతూ, చెప్పాల్సిన దానికంటే ఎన్నో రెట్లు తక్కువ చెప్పడాన్ని ఒక ప్రధాన కారణంగా చూపాడు.

‘నాకే పూర్తిగా తెలియనప్పుడు ఏం చెప్పను?’ అని మీరు అడగవచ్చు. కాగితం మీద మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో తెలిసినవి. రెండో గడిలో ఇంకా తెలియనివి. మూడో గడిలో, తెలియనివి ఏ తేదీన చెబుతానన్న మాట. ఆ మూడూ చదివి వినిపించండి. ప్రతి శుక్రవారం అదే వేళకు, అదే చోటుకు వెళ్ళండి. కొత్త విషయం లేకపోతే ‘ఈ వారం కొత్త విషయం లేదు’ అని చెప్పడానికైనా వెళ్ళండి. తెలియదని చెప్పినందుకు నాయకుడి పరువు పోదు. తెలిసి దాచినట్టు తర్వాత బయటపడితే మాత్రం తిరిగి రాదు.

శుభవార్తనూ విప్పి చెప్పాలి. 2025 జనవరిలో విశాఖ ఉక్కుకు కేంద్ర మంత్రివర్గం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ఆమోదించింది. ఊరు ఊపిరి పీల్చుకుంది. అదే ఏడాది కాంట్రాక్ట్ కార్మికులు తమ ఉద్యోగాల కోసం సమ్మెకు దిగారు. సంస్థకు దొరికిన ఊరట ప్రతి ఇంటికీ దానంతటదే చేరదు. ‘ఈ డబ్బు వచ్చింది’ అన్న వెంటనే ‘నా సంగతేంటి?’ అన్న ప్రశ్న పుడుతుంది. ఎవరికి ఏం దక్కుతుంది, ఎవరికి దక్కదు, దక్కనివాళ్ళ కోసం ఏం చేయబోతున్నాం అన్న మూడూ చెప్పేదాకా శుభవార్త సగమే.

మొదటి మాట దేని గురించి?

అమెరికాలోని అల్యూమినియం సంస్థ ఆల్కోవాకు 1987లో సారథిగా వచ్చిన పాల్ ఓనీల్, మదుపుదారుల ముందు తొలి ప్రసంగంలో లాభాల ఊసెత్తలేదు. కార్మికుల భద్రత గురించి మాట్లాడాడు. ఒక్కరికీ గాయం కాని సంస్థ తన లక్ష్యమన్నాడు. విన్నవాళ్ళలో కొందరు కంగారుపడ్డారు. కానీ ఆ మాట కొలిమి దాకా చేరింది. భద్రత గురించి మాట్లాడే అలవాటు పడిన కార్మికుడు పని గురించీ మాట్లాడాడు. గాయాలు తగ్గాయి, లాభాలూ పెరిగాయి. మీరు మొదట దేని గురించి మాట్లాడతారో, మీకు దేనిమీద శ్రద్ధో అందరూ దాన్నిబట్టే లెక్కవేసుకుంటారు.

ఒక నమూనా ఇస్తున్నాను. రేవు దగ్గర ఒక కంటైనర్ యార్డులో చేతిరాత రిజిస్టర్లు తీసేసి కంప్యూటర్ పద్ధతి పెట్టబోతున్నారనుకోండి. మేనేజరు ఇలా మాట్లాడవచ్చు:

“అందరికీ నమస్కారం. ఈ సంగతి బయట వినకముందే నేనే చెప్పాలని వచ్చాను. వచ్చే నెల ఒకటి నుంచి గేటు రిజిస్టరు ఉండదు, ఎంట్రీలన్నీ కంప్యూటర్‌లో జరుగుతాయి. ఇది ఖాయం. మూడేళ్ళ కిందట కొత్త వేబ్రిడ్జి పెట్టినప్పుడు నేర్పకుండా మీమీద వదిలేశాం, ఇబ్బంది పడ్డారు. ఆ తప్పు మాది. ఈసారి మూడు వారాలు పని వేళల్లోనే నేర్పుతాం, ఆ గంటలకూ జీతం ఉంటుంది. గేటు దగ్గర ఆరుగురున్నారు. వాళ్ళలో ఎవరి ఉద్యోగమూ పోదు. ఇద్దరి పని మాత్రం యార్డులోకి మారుతుంది, ఎవరిదన్నది ఇంకా తేలలేదు. పదిహేనో తేదీన చెబుతాను. ఏ క్రమంలో నేర్చుకోవాలి, మొదట ఎవరు కూర్చోవాలి అన్నది మీరే నిర్ణయించండి. ఇప్పుడు అడగండి. నాకు తొందరేమీ లేదు.”

ఇందులో ఒక్క గొప్ప మాట కూడా లేదు. పాత బాకీ, ఖాయమైనది, తేలనిది, తేదీ, వాళ్ళ చేతిలో ఉన్నది మాత్రం ఉన్నాయి. అన్నిటికంటే చివరి వాక్యం ముఖ్యం. అది అన్నాక గడియారం చూడకండి.

ఈ వారం చేయాల్సినవి

1. మీ దగ్గర రాబోయే మార్పు ఒకటి ఎంచుకోండి. అది ఇప్పటికే ఎవరెవరికి తెలుసో, ఎవరికి తెలియదో పేర్లు రాయండి.

2. మార్పు వల్ల ఎక్కువ నష్టపోయేది ఎవరో గుర్తించండి. అందరికంటే ముందు, విడిగా, ఎదురుగా కూర్చుని ఆ మనిషికి చెప్పండి.

3. ఈ సందర్భానికి ఆజ్ఞ, లెక్కలు, వినడం అనే మూడింటిలో ఏ గొంతు కావాలో తేల్చుకోండి.

4. తెలిసినవి, తెలియనివి, చెప్పే తేదీ: మూడు గళ్ళూ నింపండి.

5. చెప్పాక ముగ్గురి చేత వాళ్ళ మాటల్లో తిరిగి చెప్పించుకోండి.

6. వచ్చే శుక్రవారం మళ్ళీ వెళ్ళండి.

గోడౌన్ రోజుల తర్వాత నేను నోటీసులు అంటించడం మానలేదు. కాగితం అవసరమే, మాట మరిచినా అది మరవదు. కాకపోతే అంటించే ముందు జట్ల దగ్గరకు వెళ్ళి చదివి వినిపించేవాణ్ణి. రెండోసారి వేళలు మారినప్పుడు అలాగే చదివి, ‘ఇంకేమన్నా ఉందా?’ అని అడిగాను. ఆ మేస్త్రి లేచి, కూలి సంగతి అడగలేదు. ఎండాకాలం మధ్యాహ్నం లోడింగ్ గంట వెనక్కి జరిపితే మనుషులు పడిపోరని, లారీలూ త్వరగా కదులుతాయని చెప్పాడు. అతను చెప్పినట్టే చేశాం. ఆ మాట అతని దగ్గర మొదటినుంచీ ఉంది. నేను వెళ్ళి నిలబడేదాకా ఎదురుచూసిందంతే.